పుస్తకం చదివాడు కదా అని సినిమాకి పంపించారా?

సాయంత్రం పేషెంట్లు అయిపోయి నేను కుర్చీలోంచి లేవబోతుంటే, ఒకావిడ ఇద్దరు పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని హడావుడిగా లోపలికి వచ్చింది. పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. పిల్లకి అయిదు. ఇద్దరి కళ్ళ కిందా నల్లటి చారలు. ఆవిడ మొహం చూస్తే ఆవిడా సరిగా నిద్రపోయి చాలా రోజులయినట్టుంది.

"డాక్టరు గారూ, పది రోజులుగా మా ఇంట్లో జాగారమేనండీ. ఇది మంచం దిగనంటుంది. మంచం కింద ఎవరో ఉన్నారంటుంది. బాత్రూమ్‌కి కూడా నేను ఎత్తుకుని తీసుకెళ్ళాలి. వీడు ఇంకో రకం. ఏడవడు, అరవడు. అర్ధరాత్రి లేచి చూస్తే వాళ్ళ నాన్న మంచం పక్కన నిలబడి ఉంటాడు. ఏమిట్రా అంటే నోరు విప్పడు."

"జ్వరం గానీ, దెబ్బ తగలడం గానీ ఏమైనా జరిగిందామ్మా? స్కూల్లో ఎవరైనా కొట్టారా?"

"ఏమీ లేదండీ. మా తమ్ముడు వీళ్ళిద్దర్నీ సినిమాకి తీసుకెళ్ళాడు. ఆ రాత్రి నుంచీ మొదలు."

2025 సెప్టెంబరులో మన హాళ్ళలో తెలుగు మాటలతో కూడా విడుదలైన జపాను బొమ్మల సినిమా అది. 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' అని పేరు. రెండున్నర గంటల పైన, సరిగ్గా చెప్పాలంటే 155 నిమిషాలు నడుస్తుంది. వాళ్ళు వెళ్ళింది రాత్రి ఆట.

"టిక్కెట్టు మీద ముద్ర చూడలేదా అమ్మా?"

"చూశామండీ. పెద్దవాళ్ళు వెంట ఉంటే చాలు కదా అనుకున్నాం. పైగా వీడు ఆ పుస్తకాలన్నీ ఎప్పుడో చదివేశాడు. 'పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు తీశారక్కా, వీడికి తెలియని ముక్క ఒక్కటీ లేదు' అన్నాడు మా తమ్ముడు. నిజమే కదా అనుకున్నాను. ఇది నేనూ వస్తానని ఏడిస్తే దీన్నీ పంపాను."

ఆవిడ తప్పు చేసిందని నేను అనను. చదువుకున్న తల్లిదండ్రులు చాలామంది ఇలాగే అనుకుంటున్నారు. కథ ముందే తెలుసు కాబట్టి భయం ఉండదని ఒక లెక్క. పెద్దవాళ్ళు పక్కన కూర్చుంటే ఫరవాలేదని ఇంకో లెక్క. రెండు లెక్కల్లోనూ ఎక్కడ తప్పు వస్తోందో చూద్దాం.

బొమ్మలైతే పిల్లలవేనా?

జపాను వాళ్ళు బొమ్మల కథల పుస్తకాలని 'మాంగా' అంటారు. అక్కడ వీటిని బడి పిల్లలూ చదువుతారు, ఆఫీసులకి వెళ్ళే పెద్దవాళ్ళూ చదువుతారు. ఎవరి పత్రికలు వాళ్ళకి వేరు. ఎదిగే అబ్బాయిల కోసం వేసేవి 'షోనెన్', అమ్మాయిల కోసం వేసేవి 'షోజో', వయసొచ్చిన మగవాళ్ళ కోసం వేసేవి 'సీనెన్'. ఇవి పత్రికలు అమ్ముకునే వాళ్ళు పెట్టుకున్న విభాగాలే కానీ సెన్సారు ముద్రలు కావు. మనకి మాత్రం బొమ్మ కనిపిస్తే చాలు, అది పిల్లలదే. ఈ అభిప్రాయం మన ఇళ్ళల్లో ఎంత గట్టిగా పాతుకుపోయిందంటే, పెద్దల కోసం గీసిన పుస్తకాన్ని కూడా పుట్టినరోజు కానుకగా పిల్లల చేతిలో పెట్టిన మేనత్తలు నాకు తెలుసు.

మన కుర్రవాడు చదివిన 'డీమన్ స్లేయర్' కథని కొయొహారు గొతోగే అనే రచయిత జపానులో 'షోనెన్ జంప్' అనే వారపత్రికలో 2016 నుంచి 2020 దాకా రాసి బొమ్మలు గీశారు. 23 పుస్తకాలుగా వచ్చింది. బొగ్గులు అమ్ముకుని తల్లినీ తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ పోషించే తంజిరో అనే కుర్రవాడు ఒక రోజు ఇంటికి వచ్చేసరికి ఒక రాక్షసుడు అందర్నీ చంపేసి ఉంటాడు. బతికిన ఒక్క చెల్లెలూ రాక్షసిగా మారిపోతుంది. కథ మొదలే ఇది. అన్నాచెల్లెళ్ళ ప్రేమ, పట్టుదల, దుష్టుడి మీద కూడా జాలి, ఇవన్నీ ఉన్న మంచి కథ. కానీ ఉయ్యాల వయసు దాటని పిల్లకి చెప్పే కథ కాదు.

ముద్ర ఏం చెబుతుంది, ఏం చెప్పదు?

ఈ కథలోని ఒక భాగాన్ని 'ముగెన్ ట్రెయిన్' పేరుతో 2020లో సినిమాగా తీశారు. జపానులో అంతవరకూ వచ్చిన సినిమాలన్నిటికంటే ఎక్కువ డబ్బు వసూలు చేసింది. అక్కడ దానికి ఇచ్చిన ముద్ర 'పీజీ12'. అంటే పన్నెండేళ్ళ లోపు పిల్లలకి పెద్దల సలహా, తోడు కావాలి అని. రావద్దని కాదు. అదే సినిమా అమెరికాకి వెళ్ళేసరికి 'ఆర్' ముద్ర పడింది. అక్కడ దానర్థం, పదిహేడేళ్ళు నిండని వాళ్ళు తల్లిదండ్రులో సంరక్షకులో వెంట లేకుండా హాల్లోకి రాకూడదని. 2025 సినిమాకీ ఇదే తేడా. అదే బొమ్మ, అదే నెత్తురు. సముద్రం దాటేసరికి అయిదేళ్ళు తేడా వచ్చింది!

ఒక మందు సీసా మీద జపానులో ఒక మోతాదూ, అమెరికాలో ఇంకో మోతాదూ రాసి ఉంటే మీరేం చేస్తారు? డాక్టరుని అడుగుతారు. డాక్టరు సీసా ఒక్కటే చూడడు, పిల్లవాణ్ణి బల్ల మీద నిలబెట్టి బరువు చూస్తాడు. సినిమా ముద్ర సీసా మీది చీటీ లాంటిది. అది ఆ దేశంలో, ఆ గదిలో కూర్చుని సినిమా చూసిన పెద్దల అంచనా. మీ పిల్లవాడి బరువు దానికి తెలియదు.

మన దేశంలో సంగతి కూడా తెలుసుకుని ఉండడం మంచిది. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద చాలాకాలం 'యు', 'ఎ' అని రెండే ముద్రలుండేవి. 1983లో 'యు/ఎ' వచ్చింది. 2023లో చట్టాన్ని సవరించి ఆ 'యు/ఎ'ని 7+, 13+, 16+ అని మూడు ముక్కలు చేశారు. ఇది మంచి మార్పే. కానీ ఒక ముఖ్యమైన సంగతి చాలామంది గమనించలేదు. 'ఎ' ముద్ర ఉంటే పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళని హాలువాళ్ళు లోపలికి రానివ్వకూడదు. 'యు/ఎ' ముద్ర పక్కన ఉన్న అంకె మాత్రం తల్లిదండ్రులకి సలహా. దాన్ని తల్లిదండ్రులో సంరక్షకులో తప్ప మరెవ్వరూ అమలు చేయలేరని చట్టంలోనే ఉంది. కాబట్టి గేటు దగ్గర ఎవరో ఆపుతారులే అనుకోకండి. ఆ గేటు దగ్గర కాపలా మీరే. మీరు పంపిన మేనమామ సంరక్షకుడి కింద లెక్కే, ఆయనకి ఆ సంగతి తెలిసినా తెలియకపోయినా!

ఇంకో చిక్కు ఉంది. ముద్ర వేసేవాళ్ళు ఎక్కువగా నెత్తురు ఎంత, బూతు ఎంత, బట్టలెన్ని అని చూస్తారు. కోట్లు పోసి సినిమా తీసేవాళ్ళకి ఇది బాగా తెలుసు. యుకితో కిషిరో అనే ఆయన 1990లో మొదలుపెట్టిన ఒక మాంగా ఉంది. పెద్దవాళ్ళ పత్రికలో వచ్చింది. అందులో ఒక దుష్టుడు మనుషుల మెదళ్ళు తింటాడు. జేమ్స్ కామెరాన్ నిర్మాతగా, రాబర్ట్ రోడ్రిగ్జ్ దర్శకుడుగా 2019లో దాన్ని 'అలీటా: బాటిల్ ఏంజెల్' పేరుతో తీశారు. ఖర్చు 17 కోట్ల డాలర్లు. అంత ఖర్చు పెట్టాక పదమూడేళ్ళ కుర్రాళ్ళు కూడా వచ్చి కూర్చోకపోతే గిట్టుబాటు కాదు. మెదళ్ళు తినడం తీసేశారు. యంత్రపు ఒళ్ళున్న మనుషుల నెత్తురు నీలం రంగులో చూపించారు. అమెరికాలో 'పీజీ-13' ముద్ర వచ్చింది. అయినా అందులో తలలు తెగుతాయి. ఒక స్త్రీని ముక్కలు చేసి కళ్ళూ, మెదడూ ఒక పెట్టెలో భద్రం చేస్తారు. నీలం నెత్తురు చూసి సెన్సారు శాంతించవచ్చు. పిల్లవాడు మటుకు తెగిపడింది తలే అని చూస్తాడు.

ఈ 'పీజీ-13' అనే ముద్ర పుట్టిన కథ కూడా ఇలాంటిదే. 1984లో 'ఇండియానా జోన్స్ అండ్ ది టెంపుల్ ఆఫ్ డూమ్' సినిమాలో ఒకడి గుండెని చేత్తో పెరికి బయటికి తీస్తారు. మన దేశంలో జరిగినట్టే చూపించారు లెండి. పిల్లలు చూడదగ్గదని ముద్ర వేసిన సినిమాలో ఇదేమిటని అక్కడి తల్లిదండ్రులు గోలపెడితే, ఆ ఏడే మధ్యేమార్గంగా ఈ కొత్త ముద్ర పెట్టారు.

పుస్తకంలో నెత్తురు నల్లగా ఉంటుంది

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. పుస్తకం చదివినవాడికి, ఆ పుస్తకాన్ని ఉన్నదున్నట్టు తీసిన సినిమా చూస్తే ఏమవుతుంది?

అభిమానులైతే సినిమా కథని మార్చిందా లేదా అని కొట్టుకుంటారు. మార్చకపోతే సంతోషిస్తారు. కథ వరకూ వాళ్ళ సంతోషం న్యాయమే. కానీ డాక్టరుగా నేను చెప్పేది ఒకటే. కథ మారకపోయినా మోతాదు మారుతుంది.

మాంగా చాలావరకు నలుపూ తెలుపూ. అందులో నెత్తురు సిరా రంగులో ఉంటుంది. చప్పుడు ఉండదు. అరచేతిలో పట్టే కాగితం. పిల్లవాడు పగలు, కిటికీ పక్కన, అమ్మ వంటింట్లో తాలింపు వేస్తుంటే చదువుతాడు. భయం వేసిన పేజీని గబుక్కున తిప్పేస్తాడు. మరీ భయమైతే పుస్తకం మూసి మంచం కింద పడేసి క్రికెట్టుకి పోతాడు. నాలుగు రోజులాగి మళ్ళీ తీస్తాడు. అంటే తన మందు తానే చుక్కలు చుక్కలుగా వేసుకుంటున్నాడన్నమాట.

హాల్లో ఆ కొలచెంచా వాడి చేతిలో ఉండదు. చీకటి. గోడంత బొమ్మ. నెత్తురు ఎర్రగా ఉంటుంది. పక్కటెముకలు అదిరే చప్పుడు. పేజీ తిప్పడానికి లేదు. కళ్ళు మూసుకుంటే చెవులు వింటూనే ఉంటాయి, వినపడేదానికి మనసు ఇంకా భయంకరమైన బొమ్మ గీసుకుంటుంది. గుండె దడదడలాడుతుంది, ఒంట్లో ఎడ్రినలిన్ ఊరుతుంది, అరచేతులు చెమటలు పడతాయి. పుస్తకంలో కొద్ది పేజీల్లో దాటిపోయిన దుఃఖం తెర మీద సంగీతంతో నిమిషాల తరబడి సాగుతుంది. మాత్ర మింగడానికీ, అదే మందు నరానికి ఎక్కించడానికీ ఉన్న తేడా ఇది. మందు ఒక్కటే!

ఈ మాట ఒక మిత్రుడితో అంటే ఆయన ఒప్పుకోలేదు. "మేం చందమామలో విక్రమార్కుడి భుజం మీద శవాన్ని చూస్తూ పెరిగాం. మాకేమయింది?" అన్నాడు. ఏమీ కాలేదు, ఎందుకంటే ఆ బొమ్మ నెల నెలా అదే బొమ్మ. శవం కదిలేది కాదు, అరిచేది కాదు. పక్కన చదివి చెప్పే బామ్మ ఉండేది. పైగా చివరికి శవం మళ్ళీ చెట్టెక్కుతుందని ప్రతి పిల్లవాడికీ తెలుసు.

ఏ వయసుకి ఏ భయం?

అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకే హాల్లో, పక్కపక్క సీట్లలో కూర్చున్నారు. కానీ ఇద్దరూ భయపడింది ఒకదానికి కాదు.

అమెరికాలో జోన్ కాంటర్ అనే ప్రొఫెసరు చాలా ఏళ్ళు ఈ విషయం మీదే పరిశోధన చేసింది. ఆమె కనిపెట్టింది స్థూలంగా ఇది. ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లలు కంటికి ఎలా కనబడుతుందో దానికే భయపడతారు. ఆ రోజుల్లో టీవీలో 'హల్క్' కథ వచ్చేది. పచ్చటి రాక్షసాకారంలోకి మారే ఆ మనిషి మంచివాడే, జనాన్ని కాపాడేవాడే. పెద్ద పిల్లలకి అది అర్థమయ్యేది. చిన్న పిల్లలు మాత్రం అతను మారే ఆ క్షణానికే హడలిపోయేవారు. మన చిన్నదీ అంతే. కోరలు, చారల మొహం, ఒక మనిషి ఇంకోలా మారిపోవడం, ఇవి దానికి చాలు. కథ దానికి అక్కర్లేదు.

కొంచెం ఎదిగిన పిల్లలు రూపానికి అంతగా భయపడరు. 'ఇది నాకూ జరగవచ్చు' అనిపించే దానికి భయపడతారు. ఇది ముద్ర వేసేవాళ్ళ కొలబద్దకి సరిగా అందదు. నెత్తురు చుక్క లేకుండా కూడా ఇది జరుగుతుంది.

పిల్లవాణ్ణి ఒక్కణ్ణే కూర్చోబెట్టి అడిగాను.

"ఏరా బాబూ, ఆ రాక్షసులు గుర్తొస్తున్నారా?"

"నాకు రాక్షసులంటే భయం లేదండీ." కొంచెం కోపంగానే అన్నాడు.

"మరి?"

చాలాసేపు బల్ల మీది స్టెతస్కోపుతో ఆడుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "డాక్టరు గారూ, మా నాన్న మందులకి ఎంతవుతుందండీ?"

ఆ సినిమాలో అకాజా అనే రాక్షసుడు ఉన్నాడు. రాక్షసుడు కాకముందు అతను ఒక బీద పిల్లవాడు. జబ్బు చేసిన తండ్రికి మందులు కొనడానికి జేబులు కొట్టేవాడు, దొరికిపోయి దెబ్బలు తినేవాడు. తన వల్ల కొడుకు దొంగ అవుతున్నాడని ఆ తండ్రి ప్రాణం తీసుకుంటాడు. పుస్తకంలోనూ ఇదే ఉంది. సినిమా వాళ్ళు మార్చలేదు. నిజానికి సినిమాలో అందరూ కళ్ళు తుడుచుకునే ఘట్టం ఇదే.

మన కుర్రవాడు దీన్ని పుస్తకంలో చదివినప్పుడు వాళ్ళ నాన్న ఆఫీసుకి వెళ్ళి వస్తూ ఉండేవాడు. సినిమా చూసేనాటికి వెన్నుపూసకి ఆపరేషను అయి మూడు నెలలుగా మంచం మీద ఉన్నాడు. ఇంట్లో పెద్దవాళ్ళు డబ్బు గురించి గుసగుసలాడుకుంటున్నారు. పిల్లలకి వినపడదనుకున్నారు. రాత్రిళ్ళు వాడు తండ్రి మంచం పక్కన నిలబడేది భయపడి కాదు. కాపలా కాయడానికి.

కథ మారలేదు. చదివినవాడి ఇల్లు మారింది. ఏ సెన్సారు బోర్డు ఈ సంగతి పసిగట్టగలదు చెప్పండి!

ఇంట్లో ఏం చేయాలి?

ముందుగా, 'మగపిల్లాడివి, భయపడతావేమిట్రా' అనే మాట అనకండి. ఆ మాటతో భయం పోదు, చెప్పుకోవడం మానేస్తాడు, అంతే. దిష్టి తీస్తే తీయండి, నాకు అభ్యంతరం లేదు. ఉప్పూ మిరపకాయలూ వల్ల పిల్లకి నష్టం లేదు. అక్కడితో ఆగిపోకండి. నిద్ర పట్టడంలేదని దగ్గుమందు తాగించడం, పెద్దవాళ్ళ నిద్రమాత్ర సగం విరిచి ఇవ్వడం మాత్రం చాలా ప్రమాదం. అలా చేసిన వాళ్ళని చూశాను కాబట్టి చెబుతున్నాను.

అయిదారేళ్ళ పిల్లకి 'అదంతా ఉత్తదే, బొమ్మే' అని ఎంత చెప్పినా లాభం తక్కువ. ఆ వయసులో మాటలకంటే ఒడి బాగా పనిచేస్తుంది. దగ్గరకి తీసుకుని, కాసిని మంచినీళ్ళు పట్టి, చేతిలో ఇష్టమైన బొమ్మ పెట్టి, చిన్న దీపం ఉంచి పడుకోబెట్టండి. పగటిపూట టార్చిలైటు దాని చేతికే ఇచ్చి మంచం కింద చూడమనండి. ఆ రాక్షసుడి బొమ్మ గీయమని, వాడికి రెండు జడలు వేసి పువ్వులు పెట్టమనండి. నవ్వితే సగం తగ్గినట్టే. తొమ్మిదీ పదేళ్ళ పిల్లలకి మాటలు పనికొస్తాయి. వాళ్ళకి సినిమా ఎలా తీశారో చెప్పవచ్చు. అయితే చెప్పేముందు అడగండి. మీరు దేనికి భయపడ్డాడనుకుంటున్నారో దానికి భయపడి ఉండకపోవచ్చు.

రాత్రి లేచే పిల్లల్లో రెండు రకాలున్నారు. తెల్లవారుజామున లేచి, కల గుర్తుండి, అమ్మని కావలించుకునేది పీడకల. అలాంటప్పుడు ఓదార్చి పడుకోబెట్టాలి. నిద్రపోయిన గంటా రెండు గంటలకే కెవ్వున అరిచి, కళ్ళు తెరిచే ఉన్నా మనల్ని గుర్తుపట్టకుండా, పొద్దున అడిగితే ఏమీ గుర్తులేదనేది వేరే. దాన్ని నిద్రలో ఉలికిపాటు అనవచ్చు. ఆ పిల్లల్ని కుదిపి లేపకూడదు. కింద పడకుండా చూసుకుంటే కాసేపట్లో వాళ్ళే పడుకుంటారు.

ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. రాత్రి ఆటకి వెళ్ళి ఒంటిగంటకి ఇల్లు చేరిన పిల్లవాడికి ఆ నిద్ర ఎక్కణ్ణుంచి వస్తుంది? అలసిన మెదడు భయాన్ని ఇంకా పెద్దది చేస్తుంది. తీసుకెళ్ళాలనే ఉంటే పగటి ఆటకి తీసుకెళ్ళండి. బయటికి వచ్చాక వెలుతురులో ఇడ్లీ తిని, నాలుగు మాటలు మాట్లాడుకుని ఇంటికి రావచ్చు. మధ్యలో పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంటే లేచి బయటికి వచ్చేయండి. టిక్కెట్టు డబ్బులు పోతాయని కూర్చోబెట్టకండి.

చాలామంది పిల్లలకి ఇది ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతుంది. అందరికీ తగ్గదు. కాంటర్, ఆమె తోటి పరిశోధకురాలు కలిసి 1999లో కాలేజీ విద్యార్థుల్ని అడిగితే, నూటికి తొంభై మంది చిన్నప్పుడు సినిమాలోనో టీవీలోనో చూసి భయపడింది ఒకటి చెప్పారు. నూటికి పాతిక మందికి పైగా ఆ బెదురు ఇంకా పూర్తిగా పోలేదన్నారు. కాబట్టి నెల దాటినా నిద్ర సరిగా లేకపోతే, బడికి పోనని మొరాయిస్తుంటే, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైతే డాక్టరుకి చూపించండి.

ఒక విషయం మాత్రం నెల ఆగకూడదు. 'ముగెన్ ట్రెయిన్' సినిమాలో రాక్షసుడు తంజిరోని కలలో బంధిస్తాడు. ఆ కలలో చనిపోయిన తల్లీ తోబుట్టువులూ బతికే ఉంటారు. మెలకువ రావాలంటే కలలో తన ప్రాణం తాను తీసుకోవాలి. అది ఒక్కసారి కాదు. చివరికి కలో నిజమో తెలియక మెలకువలోనే ఆ పని చేయబోతుంటే స్నేహితుడు ఆపుతాడు. ఇదీ మాంగాలో ఉన్నదే. పదిహేనేళ్ళ వాడికి ఆ స్నేహితుడు ఆపడంలో ఉన్న అర్థం తెలుస్తుంది. ఎనిమిదేళ్ళ వాడు 'చచ్చిపోతే లేస్తాం' అన్న ముక్క ఒక్కటి పట్టుకోవచ్చు. ఆ ఘట్టం చూసిన పిల్లలతో దాని గురించి మీరే మాట కదపండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో అని జంకకండి, అలా కాదు. చచ్చిపోవడం గురించి పిల్లవాడు ఆటగా అన్నా, మామూలుగా అన్నా ఆ రోజే డాక్టరుతో మాట్లాడండి. రాత్రివేళ ఎవరూ దొరకకపోతే ప్రభుత్వం వారి టెలి మానస్ ఫోను నంబరు 14416 ఉంది. తెలుగులోనే మాట్లాడతారు, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

ఫిట్స్ ఉన్న పిల్లలకి ఇంకో ముక్క. జపానులో 1997 డిసెంబరు 16న 'పోకెమాన్' టీవీ బొమ్మల కథలో ఎరుపూ నీలం వెలుగులు సెకనుకి పన్నెండు సార్లు చొప్పున మిణుకుమన్నాయి. ఆ ఒక్క రాత్రి ఆరువందల మందికి పైగా పిల్లల్ని ఆస్పత్రులకి మోసుకెళ్ళారు. తర్వాత అక్కడి టీవీ వాళ్ళు మిణుకు వెలుగులకి నియమాలు పెట్టుకున్నారు. గదిలో దీపం వేసుకుని, తెరకి దూరంగా కూర్చుని చూడమని పిల్లల కార్యక్రమాల ముందు చెప్పడం అలవాటు చేశారు. వయసు ముద్రకీ దీనికీ సంబంధం లేదు. మీ పిల్లకి మూర్ఛ ఉంటే, మెరుపు వెలుగులు పడవేమో మీ డాక్టరుని అడిగి వెళ్ళండి. వెనక వరసలో కూర్చోండి. వెలుగులు మిణుకుతున్నప్పుడు కళ్ళు రెండూ మూసుకోవడం కంటే, ఒక కంటిని అరచేత్తో పూర్తిగా కప్పి తల పక్కకి తిప్పుకోవడం మేలు.

ఇక మన కుర్రవాడి సంగతి. తల్లిని పిలిచి విషయం చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేకపోయింది. మందేమీ రాయలేదు. ఆ రాత్రి తండ్రి చేత వాడితో మాట్లాడించమన్నాను. మందుల చీటీలు, బిల్లులు ముందు వేసుకుని, ఎంతయింది, ఎక్కణ్ణుంచి వస్తోంది, ఎప్పుడు లేచి ఆఫీసుకి వెళ్ళగలనన్నారు, అన్నీ దాచకుండా చెప్పమన్నాను. ఆ తర్వాత ఆ పుస్తకంలోని ఆ పేజీలు ఇద్దరూ కలిసి చదవమన్నాను. "పుస్తకం దాచేయొద్దా అండీ?" అంది. వద్దన్నాను. పుస్తకంలో పేజీ తిప్పడం వాడి చేతిలోనే ఉంటుంది.

మూడు వారాల తర్వాత మళ్ళీ వచ్చారు. చిన్నది గది అంతా పరుగెత్తుతూ నా బల్ల కింద కూడా దూరి వెతికింది. వాడు ఒళ్ళు చేశాడు. తండ్రి కూడా నడుముకి బెల్టు కట్టుకుని మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. వెళ్ళబోతూ వాడు గుమ్మం దగ్గర ఆగాడు.

"డాక్టరు గారూ, ఇంకా రెండు భాగాలున్నాయండీ. వస్తే వెళ్ళొచ్చా?"

తల్లి నా వంక చూసింది. నేను తండ్రి వంక చూశాను.

"ముందు నేనొక్కణ్ణీ వెళ్ళి చూసొస్తానురా," అన్నాడాయన. "ఆ తర్వాత చెబుతాను."

వాడు మొహం ముడుచుకున్నాడు కానీ ఏమీ అనలేదు.